చెల్లెలి చెట్టు

మా అత్త అపొలోనియాకు ఒంట్లో రెండు రోగాలు. ఒకటి మోకాలినొప్పి, రెండోది చెల్లెలి చెట్టు. మొదటిదానికి మందు రెండోదాని కిందే దొరుకుతుంది. జేబులో చెస్ట్‌నట్ కాయలు వేసుకుని తిరిగితే కీళ్ళనొప్పులు దగ్గరికి రావని మా వైపు నమ్మకం. అత్త ఏప్రన్ జేబులో ఆ కాయలు ఎప్పుడూ గలగలలాడుతుంటాయి. అవి చెల్లెలిని అడిగి తెచ్చుకున్నవి కావు. తన వాకిట్లో రాలినవే ఏరుకుంటుంది. "దాని చెట్టు నా వాకిలంతా పాడుచేస్తుంటే, కాయలు కూడా తీసుకోకూడదా?" అని పైగా దబాయిస్తుంది.

నేను ఆ ఇంటి కోడల్ని. పేరు హెడ్విగ్, మాది గుట్ట అవతల ఊరు. పెళ్ళై వచ్చిన వారానికే అత్త నన్ను వాకిట్లో నిలబెట్టి పైకి చూపించింది.

"ఏం కనిపిస్తోంది?"

"చెట్టు, అత్తయ్యా."

"చెట్టు కాదే అమ్మాయ్. నా ఖర్మ."

ఖర్మ అయితే కావచ్చు గాని అందమైన ఖర్మ. రెండు అరచేతులంత ఆకు, ఒక్కో ఆకుకు ఏడేసి వేళ్ళు. చలి విరగగానే మొగ్గలు తేనె పూసినట్టు జిగురుజిగురుగా మెరుస్తాయి. మే నెలలో కొమ్మకొమ్మకూ తెల్లటి పూలగుత్తులు కొవ్వొత్తులు నిలబెట్టినట్టు నిటారుగా లేస్తాయి. ఒక్కో పువ్వులో ఒక పసుపు చుక్క ఉంటుంది. తేనెటీగ వచ్చి పోయాక అది ఎర్రబడుతుంది. చుక్క ఎర్రబడిన పువ్వును ఇంకే తేనెటీగా పట్టించుకోదు. "ఈగకున్న బుద్ధి మనుషులకు లేదు. ఒకసారి వాలిన చోటే మళ్ళీ మళ్ళీ వాలతారు" అనేది అత్త. ఆ మనుషులెవరో, వాలే చోటేదో చెప్పాలంటే వాటాల సంగతి చెప్పాలి.

మా గుట్టను తొలిచి బీరు దాచుకునే నేలమాళిగలు కట్టడం తాతల నాటి పద్ధతి. మాళిగ కప్పు మీద చెస్ట్‌నట్ మొక్క నాటేవారు. దాని వేళ్ళు లోతుకు పోవు, పక్కలకే పాకుతాయి, కాబట్టి కప్పు పగలదు. నీడ ఎంత చిక్కగా ఉంటుందంటే కింద గడ్డి కూడా మొలవదు. ఎండ నేలకు తగలదు, కింద బీరు చెడదు. తినే చెస్ట్‌నట్ వేరే జాతి. దీన్ని గుర్రపు చెస్ట్‌నట్ అంటారు, ఆకు రాలిన చోట కొమ్మ మీద మేకుల చుక్కలతో సహా గుర్రపు డెక్క గుర్తు ఉంటుంది. కాయ చేదు విషం. చలికాలంలో జింకలకు వేస్తారు. యుద్ధం రోజుల్లో సబ్బు దొరక్కపోతే అత్త వాళ్ళమ్మ ఆ కాయలు దంచి నానబెట్టి, ఆ నురుగుతో దుప్పట్లు ఉతికేదట. దంచింది చిన్నప్పటి మా అత్త. నీళ్ళలో ఆడుకుంది ఆవిడ చెల్లెలు రోజీన. ఆ లెక్క కూడా అత్త ఇంకా మర్చిపోలేదు.

పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ నాన్న గాంగోల్ఫ్ ఇద్దర్నీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మా వైపు పెద్దవాళ్ళే ముందు కోరుకుంటారు.

"లోనీ, నువ్వు చెప్పు. మాళిగ, దాని ముందు వాకిలి ఒక వాటా. పైన గట్టు, చెట్టు ఒక వాటా."

అత్త ఒక్క క్షణం ఆలోచించలేదు. "మాళిగ" అంది. చెల్లెలి వైపు తిరిగి నవ్వింది. "చెట్టు నువ్వుంచుకోవే. ఆకలేస్తే కాయలు ఉడకబెట్టుకు తిందువు గాని."

తండ్రి, "చెట్టు లేకపోతే మాళిగ లేదు, మాళిగ లేకపోతే చెట్టు నాటేవాళ్ళమే కాదు. విడదీసి చూసుకోకండి" అన్నాడట. అత్తకు ఆ మాట చెవికెక్కలేదు.

అప్పటి లెక్కలో అత్త కోరికే సరైనది. బీరంతా మాళిగలోనే ఉండేది. చెరువులో గడ్డకట్టిన మంచును కోసి తెచ్చి పేర్చేవారు. రోజీన చెట్టు కింద బీరు అమ్మడానికి నాలుగు బల్లలు వేసుకుని, కూజా పట్టుకుని అక్క గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చేది. అత్త మహారాణిలా పోసేది. కొన్నేళ్ళు తిరిగేసరికి కరెంటుతో నడిచే చల్లపెట్టెలు ఊళ్ళోకి వచ్చాయి. మాళిగ చేసే పని పెట్టె చేసేసింది. చెట్టునీడ చేసే పెట్టెను మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

రోజీన గట్టు మీద బీరుతోట నిండిపోయింది. అత్త కూడా పంతానికి తన వాకిట్లో బల్లలేసింది, రంగురంగుల గొడుగులు పాతింది. బీరు ఇద్దరిదీ ఒకే బీరు బట్టీ నుంచి వచ్చేదే. వంటలో అత్తకు రోజీన ఎక్కడా సరితూగదు. అత్త చేసే పంది జబ్బ వేపుడు, బంగాళాదుంప ఉండలు, ఉల్లిపాయా ఎర్రమిరప పొడీ వేసి మెదిపిన చీజ్ తింటే ఇంకోచోట తినబుద్ధి కాదు. వచ్చిన చిక్కల్లా నీడతోనే. చెట్టు అత్త వాకిలికి తూర్పున ఉంటుంది. పొద్దున్నే నీడంతా మా వాకిట్లోనే పరుచుకుంటుంది, అప్పుడు ఒక్క మనిషి రాడు. జనం వచ్చే వేళకు నీడ లేచి గట్టెక్కి రోజీన బల్లల మీద కూర్చుంటుంది. "నీడకు కూడా అదంటేనే ఇష్టం" అనేది అత్త, గొడుగు విప్పుతూ.

దీనికి తోడు మా వైపు ఇంకో ఆచారం. బీరుతోటలో బీరు అక్కడే కొనాలి గాని, తిండి ఎక్కడిదైనా తెచ్చుకోవచ్చు. ఎవరూ ఏమీ అనకూడదు. దాంతో జనం మా దగ్గర వేపుడు కొనుక్కుని, పళ్ళెం చేత్తో పట్టుకుని మెట్లెక్కి చెల్లెలి చెట్టు కింద కూర్చుని తినేవారు. సాయంత్రం ఆ ఖాళీ పళ్ళేలు తెచ్చుకోవడానికి నేను పైకి వెళ్ళాలి. రోజీన పిన్ని వాటిని శుభ్రంగా కడిగి, గుడ్డ కప్పి ఉంచేది. ఆ కడగడం చూస్తే అత్తకు ఇంకా మంట. మళ్ళీ తోమేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించారని అంటారు గాని, మా ఇంట్లో చెల్లెలి మీద కోపం పళ్ళేల మీద తీరేది.

అసలు దెబ్బ మా మామది. మామ అలోయిస్ పీపాలు చేసేవాడు, మంచి మనిషి. పని అవగానే చేతులు కడుక్కుని, పెళ్ళాం వాకిట్లోంచే నడిచి, మరదలి చెట్టు కింద కూర్చునేవాడు. మా వైపు రోజూ వచ్చేవాళ్ళ మట్టి మగ్గులు ఆ తోటలోనే మేకులకు వేలాడుతుంటాయి. ఎవరి మగ్గు ఎక్కడ వేలాడితే వాళ్ళు అక్కడి మనిషి కింద లెక్క. కాయలు టపటపా రాలి బీరులో పడకుండా వాటికి తగరపు మూత ఉంటుంది. మామ మగ్గు రోజీన గోడకు వేలాడింది. ఊళ్ళో బావామరదళ్ళ మీద ఎన్ని జోకులు పుట్టాయో నేను చెప్పను. మామ పోయి ఇన్నేళ్ళయినా ఆ మగ్గు అక్కడే ఉంది. అడిగి తెచ్చుకోవడానికి అత్తకు నామోషీ. తెచ్చి ఇవ్వడానికి రోజీనకు ఏం అడ్డమో ఎవరికీ తెలియదు.

ఇలా కళ్ళలో నిప్పులు పోసుకుంటూ ఉండగా పురుగు వచ్చింది.

అది ఈ చెట్టు ఆకునే తొలిచే చిన్న రెక్కల పురుగు. ఆకు లోపల దూరి సొరంగాలు తవ్వుతుంది. జులైకే ఆకు మాడిన రొట్టెలా గోధుమరంగుకు తిరుగుతుంది. రాలిన ఆకుల్లోనే అది చలికాలమంతా నిద్రపోతుంది. అందుకే ఆకులు రాలాక గుట్ట మీద వాళ్ళంతా ఒక రోజు అనుకుని, పళ్ళకర్రలు పట్టుకుని ప్రతి ఆకూ లాగి బస్తాల్లో ఎత్తి ఊరి బయటి పెద్ద కుప్పకు చేరుస్తారు. ఆ కుప్ప వేడికి పురుగు చస్తుంది. ఒక్క వాకిలి వదిలేసినా పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

అత్త వాకిలి అద్దంలా ఉండేది. ఊడ్చిన ఆకులు ఎక్కడికి పోతున్నాయో నేను ఒకసారి మాళిగ తలుపు తీసినప్పుడు చూశాను. నా నడుము ఎత్తున పోసి ఉన్నాయి.

"ఇదేం పనత్తయ్యా? పురుగంతా ఇందులోనే బతుకుతుంది."

"చెట్టు దానిదీ, చెత్త నాదా? నా మాళిగలో నేనేం దాచుకుంటే నీకెందుకే?"

మా ఆయన వెండెలిన్‌కు చెప్పాను. "అమ్మతో నేను మాట్లాడలేను, నువ్వు మాట్లాడు" అన్నాడు. మగవాళ్ళ ధైర్యం అంతే.

మూడేళ్ళ క్రితం వేసవిలో చుక్క వాన లేదు. ఆగస్టు సగానికే చెట్టు బోసిగా నిలబడింది. రోజీన బల్లల మీద ఎండ ఫెళ్ళున కాసింది. జనం రెండు వైపులా సమానంగా కూర్చున్నారు, మాకు గొడుగులున్నాయి కాబట్టి మా వైపు ఇంకాస్త ఎక్కువే. అత్త నడకే మారిపోయింది. ఎవరూ అడక్కుండానే ప్లమ్ కేకు చేసి అందరికీ ఉచితంగా పంచింది. "పాపం రోజీన" అనేది, నోటి నిండా తీపితో. ఆ పాపంలో పాపం కన్నా పండగే ఎక్కువ వినిపించేది.

సెప్టెంబరు చివర ఒక పొద్దున నేను తలుపు తీసేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. నోరు తెరిచి పైకి చూస్తోంది. రోజీన వైపు కొమ్మలన్నీ పచ్చగా చిగిర్చాయి. చిగుళ్ళ మధ్య తెల్లటి పూలగుత్తులు, మేలో లాగా. అవే కొమ్మలకు పక్కనే ముళ్ళకాయలు పగులుతున్నాయి.

ఆ వారమంతా తిరణాలే. పేపరువాడు వచ్చి ఫోటో తీసుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చి పూల కింద కూర్చున్నారు. మా పళ్ళేలన్నీ మెట్లెక్కి వెళ్ళిపోయాయి. అత్తకు ముద్ద దిగలేదు. "ఏడాదికి ఒకసారి పూయడం చాలలేదా దానికి? ముసలిదానికి రెండో పెళ్ళా?" అని గొణుక్కుంటూ తిరిగింది. ఆదివారం సాయంత్రం ఇక ఉండబట్టలేక మెట్లెక్కింది. మోకాలు గుర్తు రాలేదు. పళ్ళేల వంకతో నేనూ వెనకే వెళ్ళాను.

రోజీన పిన్ని చెట్టు మొదట్లో కుర్చీ వేసుకుని ముల్లంగి తరుగుతోంది. అంత జనం వచ్చినా ఆవిడ ముఖంలో నవ్వు లేదు. అది నాకు కనిపించింది గాని అత్తకు కనిపించలేదు.

"ఏం వేశావే దీనికి?"

"ఏమీ వెయ్యలేదక్కా."

"ఏమీ వెయ్యకుండానే సెప్టెంబరులో పూసిందా? ఏ పట్నం నుంచి తెప్పించావు ఎరువు? నీకు చెట్టొచ్చింది, జనమొచ్చారు, నా మొగుడూ వచ్చాడు. ఇప్పుడు రెండోసారి పూత కూడానా?"

"నీ మొగుడు నా నీడ కోసం రాలేదక్కా. నీ నోటికి దూరంగా వచ్చాడు."

పక్క బల్ల మీద ముసలాళ్ళు మగ్గుల్లోకి తలలు దించుకుని నవ్వారు. రోజీన కత్తి పక్కన పెట్టింది.

"చెట్టుకు బాగుంటే ఈ వేళప్పుడు పూస్తుందా? నాన్న చెప్పేవాడు కదా. ఆకులన్నీ పోతే దానికి కడుపు మాడుతుంది. వచ్చే ఏడాదికి దాచుకున్న మొగ్గల్ని ఇప్పుడే విప్పేస్తుంది. విత్తనాల గింజలు వండుకు తినడం ఇది. మంచు పడగానే ఈ చిగుళ్ళన్నీ పోతాయి. ఇంకో ఏడు ఇలాగే అయితే చెట్టే పోతుంది. చెట్లు కొట్టేవాడికి చెప్పాను, ఈ చలికాలంలో వస్తానన్నాడు."

"కొట్టిస్తావా?"

"ఎండుకొమ్మ ఎవరి నెత్తి మీదో పడేదాకా ఆగమంటావా? కొట్టించి గొడుగులు కొనుక్కుంటాను. నీలాగే."

ఇన్నేళ్ళుగా అత్త మొక్కని దేవుడు లేడు, ఆ చెట్టు పోవాలని. ఇప్పుడు వరం చేతికి అందుతుంటే ముఖం పాలిపోయింది.

"నాన్న చెట్టు కొట్టించడానికి నువ్వెవతివే?"

"కోరుకున్న రోజు నువ్వు దాన్ని నాన్న చెట్టు అనలేదు. కాయలు ఉడకబెట్టుకు తినమన్నావు."

రోజీన లేచి చెట్టు పక్కనున్న గాలిగొట్టం మీద చెయ్యి వేసింది. మాళిగకు గాలాడడానికి కప్పులోంచి పైకి పెట్టిన పాత ఇటుక గొట్టం అది.

"ఏప్రిల్లో ఎప్పుడైనా ఇక్కడ నిలబడి చూశావా? నీ మాళిగలోంచి పురుగులు పొగలా లేస్తాయి. నేరుగా ఈ కింది కొమ్మలకే."

"తెలిసీ నోరు మూసుకు కూర్చున్నావా? ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే ఊడ్చేదానివా? ఇంకో నాలుగు బస్తాలు పోసేదానివి."

"అవును, పోసేదాన్నే" అంది అత్త.

అబద్ధం ఆడకపోవడం ఒక్కటే మా అత్తలో నాకు మొదటి నుంచీ నచ్చిన గుణం. మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"ఒక్క ఏడు ఆగు. వాణ్ణి రావద్దను."

"ఎందుకాగాలి?"

"ఎందుకేంటే? పొద్దున్నే లేచి నేనెవర్ని తిట్టుకోవాలి?"

మర్నాడు పొద్దున మాళిగ తలుపు బార్లా తెరిచి ఉంది. అత్త తలకు గుడ్డ కట్టుకుని ఆకులు బస్తాల్లోకి ఎత్తుతోంది. ఏళ్ళ తరబడి మగ్గిన ఆకు, దుమ్ము, బూజు. వెండెలిన్ సాయానికి వస్తే వెళ్ళగొట్టింది. నన్నూ తిట్టింది గాని నేను పోలేదు, ఇంకో పళ్ళకర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎత్తిన ప్రతి బస్తాకూ చెల్లెల్ని ఒక తిట్టు తిట్టింది. పని మాత్రం ఆపలేదు. అట్టడుగున నేల రాయి కనిపించాక చీపురుతో మూలమూలలా గీకింది. గుట్టంతా ఆకులెత్తే రోజు వచ్చినప్పుడు గట్టు మీదికి కూడా వెళ్ళింది. "ఇదేం ఊడవడమే? బల్ల కింద ఎవడు తీస్తాడు, నీ మామా?" అని రోజీనను దులుపుతూ ఆవిడ తోట కూడా ఊడ్చి పెట్టింది. కొట్టేవాడు ఆ చలికాలం రాలేదు.

ఏప్రిల్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ గాలిగొట్టం దగ్గర నిలబడి చూశారు. గొట్టంలోంచి ఏమీ లేవలేదు.

మే వచ్చింది. సెప్టెంబరులో పూసిన రోజీన వైపు కొమ్మలు పలచగా చిగిర్చాయి, ఒక్క పూలగుత్తి లేదు. వాటి మొగ్గలు అప్పుడే ఖర్చైపోయాయి. శరత్తులో పూయకుండా ఊరుకున్న మా వాకిలి వైపు కొమ్మలు మాత్రం కొనకొనకూ తెల్లగా వెలిగాయి. తేనెటీగల రొద వంటింట్లోకి వినిపించింది. పొద్దుటి నీడలో పూలు చూడడానికి ముసలాళ్ళు పెందలాడే వచ్చి మా వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు తమ మగ్గులు కూడా దించుకుని వచ్చారు. అత్త వాళ్ళకు వడ్డిస్తూ మాటిమాటికీ గట్టు వైపు చూసేది. రోజీన గట్టు అంచున చేతులు కట్టుకుని నిలబడి మా కొమ్మల వంకే చూస్తుండేది. ఆ చూపు ఎవరికి తెలియకపోయినా మా అత్తకు తెలుసు. అరవై ఏళ్ళు ఆవిడ వేసుకు తిరిగిన చూపే అది. సంతోషిస్తుందనుకున్నాను. వంటింట్లోకి వచ్చి, "దానికి ఆ ముఖం నప్పలేదే" అని మాత్రం అంది.

ఒక పొద్దున రోజీన మెట్లు దిగి వచ్చింది. నేను పెళ్ళై వచ్చాక ఆవిడ మా వాకిట్లో అడుగు పెట్టడం అదే మొదలు. చేతిలో మా మామ మగ్గు ఉంది.

"ఏం వేశావక్కా నీ వైపు కొమ్మలకు?" అంది. వెక్కిరించిందో, నిజంగానే కుళ్ళుకుందో ఆ గొంతులో నాకు తెలియలేదు.

"ఊడ్చానే."

రోజీన మగ్గు బల్ల మీద పెట్టింది. "పూలు ఇటొచ్చాయిగా. బావను కూడా ఇక్కడే కూర్చోమను."

అత్త మగ్గు చేతిలోకి తీసుకుంది. తగరపు మూత ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. ఏప్రన్ అంచుతో లోపలంతా తుడిచింది. తుడిచిన చోటే చాలాసేపు తుడిచింది.

"మూత వదులైపోయింది. ఇన్నేళ్ళూ తోమావా అసలు?"

"ప్రతి శనివారం."

అత్త మగ్గు పక్కన పెట్టి, కాలితో బల్లను కాస్త జరిపి నీడలోకి తెచ్చింది.

"కూర్చోవే. ఇంకాసేపట్లో ఈ నీడ నీ వైపుకే పోతుంది. ఎప్పుడూ పోయేదేగా."